మారు మనిషిని పంపిన శనివారం

మీలో ఎవరైనా ఈ మధ్యే వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని, నెలజీతం లేకుండా ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గర వాయించే బతుకులోకి దిగి ఉంటే, ఇది మీకోసమే రాస్తున్నాను. నీతులు చెప్పడానికి కాదు. కోపం వచ్చి రాస్తున్నాను. డెబ్భై దగ్గర పడుతున్నా తగ్గని కోపం. డాక్టరు ఉప్పు మానమన్నాడు, మానాను. కోపం కూడా మానమన్నాడు. దానికి మాత్ర ఏదైనా ఉంటే రాసివ్వండి అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

మాది బెంగుళూరులో ఎప్పటినుంచో ఉన్న తెలుగు కుటుంబం. పేటలో మగ్గం నేసేవాళ్ళం. నేను మగ్గం వదిలి వయొలిన్ పట్టాను. మొదట కర్ణాటక సంగీతం, తర్వాత కంటోన్మెంటులో చర్చి ఆర్గన్ వాయించే ఒక పెద్దాయన దగ్గర పాశ్చాత్య పద్ధతి నేర్చుకున్నాను. ఆయన పుణ్యమా అని నొటేషన్ కాగితం చూసి వెంటనే వాయించడం వచ్చింది. తొంభైల్లో ఆ చదువొక్కటీ నాకు చేతినిండా పని తెచ్చిపెట్టింది. పొద్దున భక్తిపాటల క్యాసెట్, మధ్యాహ్నం సినిమా పాట, సాయంత్రం ఏ పెళ్ళి రిసెప్షన్లోనో ఆర్కెస్ట్రా. వినాయక చవితి వచ్చిందంటే ఇక ఆ నెలంతా పందిళ్ళ ముందు స్టేజీల మీదే.

నా డైరీలో ఒక తేదీకి మూడు పేర్లు ఉండేవి, అన్నీ పెన్సిలుతో. పెన్ను వాడకూడదని మొదటి సంవత్సరంలోనే తెలిసింది. ఒకసారి చవితి రోజుల్లో హొసకోటె పందిట్లో ఒక ఆర్కెస్ట్రాకూ, బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ వాళ్ళ పండగకు ఇంకో ఆర్కెస్ట్రాకూ ఒకే సాయంత్రం మాట ఇచ్చాను. హొసకోటెలో పాత పాటలు ముందు పెడతారు, వయొలిన్ పని వాటిలోనే, అవి కాగానే జారుకోవచ్చని నా లెక్క. హొసకోటె ఆర్కెస్ట్రాకు ఎర్ర కోటు, బొమ్మసంద్రదానికి నీలం కోటు. నీలం మీద ఎర్రది తొడుక్కుని వెళ్ళాను. పాత పాటలు వాయించి, స్కూటరెక్కి, ఊరు ఈ కొసనుంచి ఆ కొసకు తోలి, చెమటలు కక్కుతూ బొమ్మసంద్ర స్టేజీ ఎక్కాను. పై కోటు విప్పడం మరచిపోయాను. నీలం కోట్ల మధ్య ఎర్రగా నేనొక్కణ్ణే. ముందువరసలో ఆడవాళ్ళు నన్నే ముఖ్య గాయకుడనుకుని పాట అడిగారు.

ఈ కథ చెప్పి ఏళ్ళ తరబడి నవ్వించాను. అది తెలివి అనుకున్నాను. ఇప్పుడు చెబితే నాకే సిగ్గేస్తుంది, ఎందుకంటే రెండు చోట్లా నేను సగమే వాయించాను.

స్టూడియో పని వేరు. అక్కడ సంగీత దర్శకులకు మా పేర్లు తెలియవు. పేర్లు తెలిసినవాడు ఒకడుంటాడు. ఏ రికార్డింగుకు ఏ వాద్యం ఎంతమంది కావాలో చూసి మనుషుల్ని పిలిచేవాడు. ఇన్‌చార్జి అనేవాళ్ళం. వయసులో మాకన్నా చిన్నవాడైనా సరే అందరికీ ‘అన్న’. మా ఇన్‌చార్జి ఫోను చేస్తే పలకరింపు ఉండదు. ‘శుక్రవారం పెట్టుకో’ అంటాడు, పెట్టేస్తాడు. పెట్టుకో అంటే ఆ పూట ఇంకెవరికీ మాట ఇవ్వకు అని. రికార్డింగు ఉంటుందని మాత్రం కాదు. ఉందో లేదో ముందురోజు తెలుస్తుంది, ఒక్కోసారి ఆరోజే తెలుస్తుంది. లేకపోతే లేదు, నీ పూట పోయినట్టే. నువ్వు మాత్రం రానని చెప్పడానికి లేదు. చెప్పావో, రెండు నెలలు నీ ఫోను మోగదు. ఆయన అరవడు, తిట్టడు. నిన్ను మరచిపోతాడు, అంతే. దీన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. అయినా మా అందరికీ కంఠతా వచ్చు.

మాలో మాకు ఇంకో ఆచారం ఉండేది. రెండు మాటలు ఢీకొంటే, ఒకచోటికి మారు మనిషిని పంపడం. నీ అంత వాయించగలవాడిని వెతికి, కాగితాలిచ్చి, నీ బదులు కూర్చోబెట్టాలి. కుర్చీ ఖాళీగా లేకపోతే చాలు, అందులో ఎవరున్నారో ఎవరూ చూడరు. మేమూ ఎవరికీ చెప్పేవాళ్ళం కాదు. మనిషిని పంపడమే చెప్పడం.

ఇంత చదివాక ఎక్కడ దెబ్బ తిని ఉంటానో మీకు తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు.

తొంభైల చివర్లో ఊళ్ళో కొందరు సంగీతాభిమానులు కలిసి, పాశ్చాత్య సంగీతంలో ఒక పూర్తి సింఫనీ వాయించాలని తలపెట్టారు. బయటి దేశం నుంచి ఒక పెద్దావిడ కండక్టరుగా వచ్చింది. తెల్లజుట్టు, బక్కమనిషి, చేతిలో సన్నటి పుల్ల. ఒక్కొక్కరినీ పిలిచి వాయించమని విని ఎంచుకుంది. నన్ను రెండో వయొలిన్ల వరసలో మొదటి కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆ కుర్చీ నాకు ఏమిటో మీకు అర్థం కావాలి. అప్పటికి ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నాను. నేను వాయించినవన్నీ బిట్లు. పల్లవికీ చరణానికీ మధ్య సందులో కమానుతో నాలుగు గీతలు. హీరోయిన్ తల తిప్పితే ఒక గీత. హీరో తల్లి చచ్చిపోతే కాస్త పొడుగు గీత. మొదలునుంచి చివరిదాకా ఒక్కటంటే ఒక్క కృతి నేను జనం ముందు వాయించలేదు. ఇది నలభై నిమిషాల కృతి. మా పెద్దాయన చర్చి వెనక గదిలో గ్రామఫోను పెట్టి వినిపించినప్పటినుంచి నా చెవిలో ఉన్నది.

మొదటి రిహార్సల్లో ఆవిడ నాలుగు బార్ల మీద, అంటే నొటేషన్ కాగితంలో నాలుగు గళ్ళ మీద, ముప్పావుగంట కూర్చుంది. స్టూడియోలో ఆ వ్యవధిలో పాట అయిపోయి టీ కూడా తాగేస్తాం. నాకు ఒళ్ళు మండింది. మూడో రిహార్సలు వచ్చేసరికి ఆ నాలుగు బార్లకోసమే వారమంతా బతకాలనిపించింది. రెండో వయొలిన్లకు రాగం తక్కువ, మోసే పని ఎక్కువ. ‘మీరు వదిలేస్తే మొదటివాళ్ళు కింద పడతారు’ అంది ఆవిడ నన్ను చూసి. ఆ మాటకు ఆ రాత్రి అన్నం కూడా ఎక్కువ తిన్నాను.

మొత్తం ఆరు రిహార్సళ్ళు. బుధవారం సాయంత్రం కచేరీ. దానికి ముందు శనివారం, ఆదివారం చివరి రెండు రిహార్సళ్ళు. ఆ రెండింటిలో ఏ ఒక్కదానికి రానివాళ్ళయినా కచేరీలో ఉండరని మొదటిరోజే చెప్పింది. అందరం తలలూపాం. అలాంటి మాటలు చాలా విన్నాం లే అనుకున్నాను.

గురువారం ఇన్‌చార్జి ఫోను.

“శనివారం మధ్యాహ్నం పెట్టుకో.”

“అన్నా, శనివారం సాయంత్రం నాకు రిహార్సల్ ఉండాది.”

“రిహార్సలా? కచేరీ కాదు గదా? రెండింటికి మొదలు, ఆరింటికి బిడుగడ, వదిలేస్తారు. పెద్ద పిక్చరప్పా ఇది. ఎనిమిది వయొలిన్లు అడిగిండారు.”

“రిహార్సలు అయిదింటికే అన్నా.”

అవతల డైరీ కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు తెలుసు.

“నీకు పనుంటే చెప్పు. వేరేవాళ్ళను చూసుకుంటా. బలవంతం ఏమీ లేదు.”

“లేదన్నా, వస్తా” అన్నాను.

చూశారా? ‘బలవంతం ఏమీ లేదు’ అన్న మాటకంటే పెద్ద బలవంతం నా ఉద్యోగ జీవితంలో ఎక్కడా చూడలేదు.

కాడుగోడిలో నాకొక స్నేహితుడు ఉండేవాడు. నా వయసే. చర్చి పాటలతో పెరిగినవాడు, నొటేషన్ నాకన్నా శుభ్రంగా చదువుతాడు. ఆవిడ మమ్మల్ని విని ఎంచుకున్న రోజు అతనికి జ్వరం, రాలేకపోయాడు. శుక్రవారం అతనింటికి వెళ్ళి కాగితాలిచ్చాను.

“శనివారం ఒక్క పూట పోయి కూచోప్పా. ఆదివారం నుంచి నేనుంటా.”

“ఆమెకు చెప్పినావా?”

“చెప్పేదేముంది? మనిషి ఉంటే చాలు.”

అతను ఆ సాయంత్రం ఎవరికో వయొలిన్ పాఠం చెప్పాల్సింది, మానుకుని ఒప్పుకున్నాడు. రాత్రంతా సాధన చేశాడని తర్వాత తెలిసింది. నేను చెప్పలేదు అలా చెయ్యమని.

శనివారం రెండింటికి స్టూడియోలో ఎనిమిదిమందిమి కూర్చున్నాం. మూడయింది. సంగీత దర్శకుడు రాలేదు. టీ వచ్చింది. నాలుగయింది. కొందరు క్యారమ్ బోర్డు తీశారు. నేను గడియారం చూస్తున్నాను. అయిదుకు పావుగంట ఉందనగా వెళ్ళి అడిగాను.

“అన్నా, లేటయ్యేటట్టుంటే ఒక గడియ పోయొస్తా. ఇంకా బిట్టే రాయలేదంట గదా.”

“కూచోప్పా. దోవలో ఉండారంట.”

కూర్చున్నాను. ఎర్ర కాయ గుంటలో పడితే ఎవడో కేకేశాడు. అదే సమయానికి నాలుగు మైళ్ళ అవతల నా కుర్చీలో నా స్నేహితుడు మొదటి గీత గీస్తూ ఉండాలి. ఆరయింది. ఏడయింది. అప్పుడు ఇన్‌చార్జి లోపలికొచ్చి, “ఇవ్వాళ అయ్యేటట్టు లేదు. బుధవారం మధ్యాహ్నం పెట్టుకోండి అందరూ” అన్నాడు. బుధవారం కచేరీ అని నోరు తెరిచేలోపే కారెక్కి వెళ్ళిపోయాడు.

స్కూటరు దగ్గర సౌండ్ ఇంజనీరు కనిపించాడు. మంచివాడు, నోట్లో మాట దాగదు.

“మీరంతా యాల కూర్చున్యారు సార్? మ్యూజిక్ డైరెక్టరు మద్రాసులోనే ఉండాడు. పొద్దున పదింటికే ఫోన్ వచ్చె.”

“మరి మా ఇన్‌చార్జి మమ్మల్ని పంపలేదే?”

“పంపితే మీరు ఆ ఇంకో స్టూడియోకి పోతారు గదా. ఆడ ఇవ్వాళ పెద్ద రికార్డింగు. వయొలిన్లు దొరక్క వాళ్ళు సస్తాండారు.”

అదీ సంగతి. అవతలి ఇన్‌చార్జికి మనుషులు దొరక్కూడదని మా ఎనిమిదిమందినీ అయిదు గంటలు గదిలో కట్టేశాడు. గొడ్లను దొడ్లో పెట్టినా మధ్యలో ఒకసారి నీళ్ళకు వదులుతారు. 

ఆదివారం అందరికన్నా ముందు హాలుకు వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. పెద్దావిడ వచ్చింది. నా దగ్గరికొచ్చి వంగి, ఎవరికీ వినపడకుండా మాట్లాడింది. నలుగురి ముందూ తిట్టి ఉంటే బాగుండేది.

“నిన్న మీరు రాలేదు.”

“మనిషిని పంపాను మేడమ్. మంచి వాద్యగాడు.”

“అవును, చాలా మంచి వాద్యగాడు. నిన్న మూడు గంటలు మేమంతా కలిసి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ఆపాలో తేల్చుకున్నాం. అతను ఉన్నాడు. మీరు లేరు. అతనికి కబురు చేశాను, వస్తున్నాడు.”

“మాకు రికార్డింగు పడింది మేడమ్. మా పద్ధతి...”

“నాకు ఒక్కరోజు ముందు మీరే చెప్పి ఉంటే రిహార్సలు వేళ మార్చేదాన్ని” అంది.

నిజంగా మార్చేదో లేదో నాకు తెలియదు. కానీ అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఇరవై ఏళ్ళలో నీకెప్పుడు వీలవుతుందని నన్ను అడిగినవాళ్ళు లేరు. అడగవచ్చని నేనెలా అనుకుంటాను?

అప్పుడే నా స్నేహితుడు వచ్చాడు. విషయం తెలిసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. “నేను పోతా మేడమ్, ఈయనే ఉండనీండి” అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను పెట్టె మూసి బయటికొచ్చాను. అతను వెనకే వచ్చాడు.

మెట్ల మీద అతని మీద అరిచాను.

“అంత బాగా యాల వాయిస్తివి నువ్వు? మారు మనిషివి మారు మనిషి లెక్కన వాయించాల గదా!”

“తప్పుగా వాయించమని నువ్వు చెప్పలేదే అప్పా” అన్నాడు.

నిజమే, చెప్పలేదు. ఆ నిజానికి ఇంకా మండి, నోటికొచ్చినవన్నీ అన్నాను. నా కుర్చీకోసం కాచుకుని ఉన్నావన్నాను. ఆ జ్వరం దొంగజ్వరం అన్నాను. అతను నా కాగితాలు జాగ్రత్తగా సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి కూరలో ఉప్పు లేదని గొడవ చేశాను. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు. నా భార్య వడ్డించే గరిటె కింద పెట్టి, “ఫోను ఆడనే ఉండాది. ఆ ఇన్‌చార్జికే చేసి అడగరాదా?” అంది. నేను కంచం ముందునుంచి లేచి వెళ్ళి మంచమెక్కాను.

ఇక్కడ ఒక్క మాట. ఆ పెద్దావిడ మీద నాకు కోపం లేదు. చాలాకాలం ఉందనుకున్నాను, లేదు. ఆవిడ చెప్పిందే చేసింది. మాకు చెప్పిందే చేసేవాళ్ళతో అలవాటు లేదు, అంతే. నా కోపం ‘పెట్టుకో’ అన్న మాట మీద. మా రోజులు మావి కావని మాచేతే ఒప్పించిన మాట మీద. పెళ్ళాం పురుడు, పిల్లల బడి, తండ్రి తద్దినం, అన్నీ దానికి అటూ ఇటూ జరిగాయి. దాన్ని తలకెత్తుకుని, తెలివిగా తప్పించుకుంటున్నామని డైరీలో పెన్సిలు గీతలు గీసుకున్నాం చూడండి, ఆ మా తెలివి మీద ఇంకా ఎక్కువ కోపం. ఎనిమిదిమందిమి ఉన్నాం ఆ గదిలో. ఎనిమిదిమందిమీ లేచి బయటికొస్తే వాడు ఏం చేసేవాడు? సోమవారం ఎవరిని పిలిచేవాడు? ఆ ఆలోచన ఒక్కరికీ రాలేదు. క్యారమ్ ఆడాం.

బుధవారం పొద్దున ఫోను మోగింది.

“ఇవ్వాళ రెండింటికి. నీకేదో కచేరీ ఉండాదంట గదా?”

మూడు రోజులుగా లోపల పేర్చుకున్న మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. మద్రాసు సంగతి, పొద్దున పదింటి ఫోను సంగతి, అవతలి స్టూడియో సంగతి. వంటింటి గడపలో నా భార్య నిలబడి చూస్తోంది.

“లేదన్నా. వస్తా” అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం సంగతి చెబితే నమ్మరు. సంగీత దర్శకుడు రెండుకు ముందే వచ్చి కూర్చున్నాడు. బిట్లన్నీ శుభ్రంగా రాసి తెచ్చాడు. ఒక్క తప్పు లేకుండా అయిదున్నరకే అయిపోయింది. నా జీవితంలో అంత వేళకు ముగిసిన రికార్డింగు అదొక్కటే. కచేరీ ఆరున్నరకు. రిహార్సళ్ళ మొదటివారంలో మా అందరికీ రెండేసి పాసులు ఇచ్చారు, ఇంటివాళ్ళకోసమని. ఒకటి నా జేబులోనే ఉంది. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు. స్కూటరు దానంతటదే అటు తిరిగింది.

హాలు ముందు కార్లు, పట్టుచీరలు, సెంటు వాసన. గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన నా భుజాన పెట్టె చూసి గబగబా ఎదురొచ్చాడు.

“వాయించేవాళ్ళా సార్? ఆ పక్క బాగిలు, స్టేజీ వాకిలి. బేగ పోండి, అందరూ స్టేజీ మీదికి పోయినారు.”

“వాయించేదానికి కాదు. వినేదానికి వచ్చినా” అని పాసు చూపించాను.

ఆయన పాసు చూశాడు, పెట్టె చూశాడు.

“వినేవాళ్ళయితే పెట్టె లోపలికి పోకూడదు సార్. ఆ బల్ల మీద పెట్టి పోండి. నేను చూసుకుంటా.”

అంతే అన్నాడు. ఆ మనిషి చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేను అరవడం మొదలుపెట్టాను. ఇది ఏమనుకున్నావు, కూరగాయల సంచీ అనుకున్నావా అన్నాను. ఇరవై ఏళ్ళ బతుకు ఇందులో ఉంది అన్నాను. నా కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టింది చాలక నా పెట్టె కూడా బయట పెట్టిస్తావా అన్నాను. పట్టుచీరలు ఆగి చూశాయి. లోపల వాద్యాలన్నీ ఒకే స్వరానికి శ్రుతి కలుపుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు నా గొంతు ఇంకా పెరిగింది.

ఆయన ఎదురు అరవలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నా ముఖంలోకి చూసి అడిగాడు.

“నామీద యాల అరుస్తారు సార్? నేనేం జేస్తిని?”

లోపల శ్రుతి కలపడం ఆగింది. తలుపులు మూశారు.

“నువ్వేం చెయ్యలేదప్పా” అన్నాను. అరవాల్సిన మనిషితో ఆ పొద్దునే మాట్లాడాను. వస్తానని చెప్పాను.